పంది మాంసంలో తిత్తి: అది ఎవరి కడుపులోంచి వచ్చింది?

పంది దవడ కండరాన్ని పశువైద్యుడు కత్తితో కోస్తాడు. కోత విచ్చుకున్న చోట ఒక్కోసారి ఉడికిన సగ్గుబియ్యం గింజలాంటిది మెరుస్తుంది. అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా ఉంటుంది. పల్చటి పొర, లోపల తేటనీరు, ఆ నీటిలో ఒక పక్కన తెల్లటి చుక్క. ఆ చుక్కే బద్దెపురుగు తల. నాలుగు చూషకాలు, రెండు వరుసల కొక్కేలు అప్పటికే తయారై లోపలికి ముడుచుకుని ఉంటాయి. ఈ పురుగు శాస్త్రీయ నామం టీనియా సోలియం.

అక్కడ చట్టం అడిగే ప్రశ్న ఒక్కటే. ఈ మాంసం అమ్మనివ్వాలా, పారేయించాలా? అది అడగాల్సిన ప్రశ్నే. దానితోపాటు ఇంకొకటి కూడా అడగాలి. ఈ తిత్తి ఎవరి కడుపులోంచి వచ్చింది? పందికి ఇది ఇంకో పంది నుంచి అంటదు. బురదలోంచో, పాచిపోయిన కూడులోంచో పుట్టదు. పేగులో బద్దెపురుగు ఉన్న మనిషి మలంతో బయటపడ్డ గుడ్లు పంది కడుపులోకి వెళ్తేనే వస్తుంది. అంటే కత్తికి దొరికిన ప్రతి తిత్తి వెనకా ఒక మనిషి ఉన్నాడు. ఆ పంది పెరిగిన చోటే ఎక్కడో ఉన్నాడు. తన కడుపులో పురుగు ఉన్న సంగతి చాలాసార్లు ఆ మనిషికే తెలియదు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల్ని దృష్టిలో పెట్టుకుని ఈ విషయం చెప్పుకోవడానికి కారణం ఉంది. మూడూ 2022 ఏప్రిల్ 4న అనంతపురం నుంచి విడివడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. మూడూ బెంగళూరు వెళ్లే రైలుదారి మీదే ఉన్నాయి. ధర్మవరం పట్టుచీరల ఊరు. హిందూపురం పట్టుగూళ్లకూ చింతపండుకూ బెల్లానికీ పెద్ద మార్కెట్టు. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండ పక్కనే ఇప్పుడు కియా కార్ల కర్మాగారం నడుస్తోంది. ఊళ్లు పెరిగాయి, పనికోసం వచ్చేవాళ్లు పెరిగారు, హోటళ్లు పెరిగాయి. మురుగు కాలువలు, చెత్తకుప్పలు, ఊరి చివరి బయళ్లు మాత్రం ఇంకా ఉన్నాయి. ఇలాంటి చోట్లనే నాటు పంది తన తిండి తాను వెతుక్కుంటుంది. రాయలసీమలో పందుల పెంపకం తరతరాలుగా ఎక్కువగా ఎరుకల కుటుంబాల బతుకుతెరువు. పొద్దున వదిలితే సాయంత్రానికి దొడ్డికి చేరే జీవం అది. మేతకు పెట్టుబడి లేకపోవడమే ఆ పెంపకానికి ఆధారం. రోగానికి దారి ఇచ్చేదీ అదే.

ఈ పురుగు బతుకు రెండు ఒళ్లలో జరుగుతుంది. సరిగా ఉడకని పంది మాంసంతో బతికున్న తిత్తి మనిషి కడుపులోకి వెళ్తే, ముడుచుకున్న తల బయటికి తిరిగి చిన్నపేగు గోడను పట్టుకుంటుంది. రెండు మూడు నెలల్లో పెద్దదవుతుంది. మామూలుగా రెండు నుంచి నాలుగు మీటర్ల పొడవు, పట్టీలాంటి ఒళ్లు, వందల కొద్దీ కణుపులు. చివరి కణుపులు ముదిరి తెగి మలంతో బయటికి పోతాయి. ఒక్కో ముదురు కణుపులో యాభై వేల దాకా గుడ్లుంటాయి. పశుమాంసం వల్ల వచ్చే టీనియా సాజినాటా కణుపులు తమంతట తాము పాక్కుంటూ బయటికి వస్తాయి కాబట్టి మనిషి గమనిస్తాడు. సోలియం కణుపులు అంత చురుకైనవి కావు, మలంలో కలిసి నిశ్శబ్దంగా పోతాయి. ఏళ్ల తరబడి పురుగును మోస్తున్న మనిషికి కాస్త కడుపు ఉబ్బరం తప్ప మరేమీ తెలియకపోవచ్చు.

బయట పడ్డ ఆ మలాన్ని పంది తింటే గుడ్డు పెంకు పేగులో కరుగుతుంది. ఆరు కొక్కేల పిల్ల పేగు గోడను తొలుచుకుని రక్తంలోకి దిగుతుంది. అక్కణ్నుంచి రక్తం ఎక్కువగా పారే కండరాలకు, అంటే నాలుక, దవడ, గుండె, ఉదరవితానం, భుజం, తొడలకు చేరి తిత్తిగా మారుతుంది. మెదడుకూ చేరుతుంది. తిత్తి పూర్తిగా తయారు కావడానికి రెండు నెలల పైన పడుతుంది. పంది ఒక ముదురు కణుపును మొత్తంగా మింగితే ఒళ్లంతా వేల తిత్తులు లేస్తాయి. ఈగలో, పేడపురుగులో మోసుకొచ్చిన నాలుగు గుడ్లే లోపలికి పోతే రెండో మూడో తిత్తులతో సరిపోతుంది. ఈ తేడాను గుర్తు పెట్టుకోవాలి. మాంసం తనిఖీ బలం, బలహీనత రెండూ ఇక్కడే ఉన్నాయి.

పందిలోని తిత్తి, మనిషిలోని బద్దెపురుగు ఒకే జీవి రెండు దశలని రుజువు చేసింది జర్మనీ వైద్యుడు ఫ్రెడరిక్ కూకెన్‌మైస్టర్. 1855లో ఆయన మరణశిక్ష పడిన ఒక ఖైదీకి, అతనికి చెప్పకుండా, పంది మాంసపు తిత్తుల్ని సూపులో కలిపి పెట్టించాడు. శిక్ష అమలయ్యాక శవాన్ని కోసి పేగులో చిన్న చిన్న పురుగులు తల నాటుకుని ఉండటం చూశాడు. ఇప్పుడైతే ఏ నీతి సంఘమూ ఒప్పుకోని ప్రయోగం. అప్పుడే దాన్ని తప్పుబట్టినవాళ్లున్నారు. అయినా మాంసాన్ని కోసి చూసి అమ్మాలన్న నియమానికి శాస్త్రీయమైన ఆధారం దానితోనే దొరికింది. పంది నాలుక చూసి రోగం పట్టడం మాత్రం అంతకన్నా ఎంతో పాతది. క్రీ.పూ. 424లో ఏథెన్సులో ఆడిన అరిస్టోఫేనిస్ నాటకంలోనే పంది నోరు తెరిచి చూసే ప్రస్తావన ఉంది.

ఇక మనిషి మెదడు సంగతి. ఇక్కడ చదువుకున్నవాళ్లలో కూడా ఒక పొరపాటు గట్టిగా నాటుకుని ఉంది. పంది మాంసం తింటే తలలో పురుగు చేరుతుందని అనుకుంటారు. మాంసంలోని తిత్తి మింగితే వచ్చేది పేగులో బద్దెపురుగు మాత్రమే. తలలో తిత్తులు రావాలంటే పురుగు గుడ్లు మింగాలి. ఆ గుడ్లు మనిషి మలంలోంచే వస్తాయి. పురుగున్న మనిషి చేతులు సరిగా కడుక్కోకుండా వండి వడ్డిస్తే, మురుగునీటితో పెరిగిన కొత్తిమీరనో క్యారెట్టునో పచ్చిగా తింటే, ఆ గుడ్డుకు మన ఒళ్లూ పంది ఒళ్లూ ఒకటే. రక్తంలోకి దిగి కండరానికో, కంటికో, మెదడుకో చేరి తిత్తి కడుతుంది. జీవితంలో మాంసం ముట్టనివాళ్లకు మూర్ఛ రావడం, స్కానింగులో ఈ తిత్తి కనబడటం అందుకే.

న్యూయార్కులో 1990 ప్రాంతంలో ఇలాంటిదే బయటపడింది. మతనియమం ప్రకారం పంది మాంసం దరి చేరని సనాతన యూదు కుటుంబాల్లో నలుగురికి మెదడు తిత్తులతో మూర్ఛలు వచ్చాయి. వైద్యులు వెతికితే, ఆ ఇళ్లలో పనిచేస్తున్న, లాటిన్ అమెరికా నుంచి వచ్చిన పనివారి వైపు దారి తీసింది. రోగం వంటగది గుండా వచ్చింది. పంది అక్కడ ఎక్కడా లేదు. దీన్ని బట్టి పందులు పెంచేవాళ్లనో, తినేవాళ్లనో వేలెత్తి చూపడం ఎంత అన్యాయమో అంత అశాస్త్రీయం కూడా.

మన వైపు ఈ రోగం చరిత్ర మద్రాసు నుంచి మొదలవుతుంది. అనంతపురం ప్రాంతమూ మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న 1888లో, మూర్ఛలతో చనిపోయిన ఒక కూలీ శవపరీక్షలో మెదడు తిత్తులు కనబడ్డాయి. దేశంలో నమోదైన మొదటి కేసుగా దాన్నే చెబుతారు. ఇండియాలో కొలువు చేసి వెళ్లిన బ్రిటిష్ సైనికుల్లో 450 మంది రోగుల్ని వెంబడించి డిక్సన్, లిప్స్‌కంబ్ 1961లో ప్రచురించిన నివేదిక ఇంకో సంగతి తేల్చింది. గుడ్డు మింగిన నాటికీ, మొదటి ఫిట్స్ వచ్చిన నాటికీ మధ్య చాలామందిలో కొన్నేళ్ల ఎడం ఉంది. కొందరిలో అది దశాబ్దాలు. ఫిట్స్ వచ్చిన రోజున ఏం తిన్నాం, ఎక్కడ తిన్నాం అని గుర్తు చేసుకుని లాభం లేకపోవడానికి కారణం ఇదే.

వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీది మరో ముఖ్యమైన అధ్యాయం. రాయలసీమ నుంచి తలనొప్పికీ ఫిట్స్‌కూ ఎంతోమంది వెళ్లే ఆసుపత్రి అది. 1980ల్లో స్కానింగులు వచ్చాక, ఫిట్స్‌తో వచ్చిన మన రోగుల మెదడులో చిన్న మచ్చ ఒక్కటే కనబడేది. చాలాచోట్ల దాన్ని క్షయగడ్డ అనుకుని నెలల తరబడి టీబీ మందులు వాడించేవారు. వేలూరు శస్త్రవైద్యులు చాందీ, వేదాంతం రాజశేఖర్, వారి సహచరులు ఆ మచ్చల్ని తీసి సూక్ష్మదర్శిని కింద చూశారు. చాలావాటిలో ఉన్నది చనిపోతున్న బద్దెపురుగు తిత్తి. 1989లో లాన్సెట్‌లో ప్రచురించారు. తర్వాత వేలూరు జిల్లాలో ఇంటింటి సర్వే చేసి, అక్కడ మూర్ఛతో ఉన్నవారిలో దాదాపు మూడో వంతు మందికి కారణం ఈ తిత్తులేనని 2006లో చూపించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా రోగం పాతుకున్న ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో సుమారు 30 శాతానికి ఇదే కారణమని చెబుతోంది. మందు తీసుకుంటే అదుపులోకి వచ్చే, ముందే ఆపగలిగిన మూర్ఛ ఇది. అలాంటి రోగంతో పడిపోయిన పిల్లవాడి చేతిలో ఇంకా తాళంచెవుల గుత్తి పెడుతున్నారంటే మనసుకు కష్టంగా ఉంటుంది.

ఇప్పుడు మళ్లీ కత్తి దగ్గరికి వద్దాం.

తనిఖీ రెండు భాగాలు. పంది బతికుండగా ఒకటి, కోసిన తర్వాత ఒకటి. బతికున్న పందిని పక్కకు పడుకోబెట్టి పట్టుకుని, నోట్లో కర్ర అడ్డం పెట్టి, నాలుకను గుడ్డతో బయటికి లాగి, అడుగు భాగాన్ని కంటితో చూస్తారు, వేళ్లతో తడుముతారు. గింజల్లా చేతికి తగిలితే రోగం ముదిరినట్టే. పందుల వ్యాపారులకు ప్రపంచమంతా ఈ విద్య తెలుసు. కోసిన తర్వాత నాలుక, దవడ కండరాల్లో కోతలు, గుండె విప్పి లోగోడ మీద కోత, ఉదరవితానం, పక్కటెముకల మధ్య కండరాలు, మోచేయి పైన భుజం కండరంలో కోత. చచ్చి సున్నం పట్టిన తిత్తి ఉంటే కత్తి కింద ఇసుక తగిలినట్టు గరుకుమంటుంది. అనుభవమున్న చేతికి అది కన్నుకన్నా ముందు తెలుస్తుంది.

అనుమానం ఉంటే తిత్తిని తీసి రెండు గాజుపలకల మధ్య నొక్కి సూక్ష్మదర్శినిలో చూస్తే కొక్కేల వరుసలు కనిపిస్తాయి. బతికుందో లేదో తెలియాలంటే పిత్తరసం కలిపిన ఉప్పునీటిలో వేసి ఒంటి వేడి దగ్గర ఉంచుతారు. బతికున్నదైతే తాను మనిషి పేగులోకి వచ్చాననుకుని తల బయటికి చాపుతుంది. మొదటిసారి చూసినవాళ్లు మరిచిపోలేని దృశ్యం అది. ఇంకా తేలకపోతే జన్యుపరీక్ష ఉంది. పంది మాంసంలో ఈ తిత్తిని పీసీఆర్ పద్ధతిలో నిర్ధారించే పని మన రాష్ట్రపు పశువైద్య పరిశోధకులే చేసి 2012లో ప్రచురించారు.

ఇంత చేసినా తనిఖీ కంటికి దొరికేది ఎంత? జాంబియాలో బెల్జియం శాస్త్రవేత్త పియర్ డోర్నీ, ఆయన బృందం 2004లో వేసిన లెక్క ప్రకారం మాంసం తనిఖీ నిజంగా రోగమున్న పందుల్లో సుమారు 22 శాతాన్నే పడుతుంది. నాలుక పరీక్ష 21 శాతాన్ని. వందలో డెబ్బై ఎనిమిది తప్పించుకుపోతున్నాయన్న మాట. కారణం ముందే చెప్పుకున్నాం. వేల తిత్తులున్న పంది ఏ కోతలోనైనా దొరికిపోతుంది. మూడు తిత్తులున్న పందిని పట్టాలంటే ఒంట్లోని కండరమంతా సన్నటి ముక్కలుగా తరగాలి. అమ్మాల్సిన మాంసాన్ని అలా తరగలేం. పైగా సమయమూ ఉండదు. మన దేశంలో 2001 నాటి వధశాల నియమాలు ఒక పశువైద్యుడు గంటకు 12 జీవాలకు మించి, రోజుకు 96కు మించి పరీక్షించకూడదంటాయి. అంటే ఒక్కోదానికి ఐదు నిమిషాలు.

ఈ అంకె చూసి తనిఖీ దండగ అనుకోవడం తొందరపాటు. కొంటున్న మనిషికి రక్షణగా చూస్తే అది చిల్లులున్న రక్షణే. ఆ చిల్లుల్ని పూడ్చాల్సింది పొయ్యి. మాంసం లోపలి దాకా 65 డిగ్రీలు దాటి ఉడికితే తిత్తి చస్తుంది. మన పందికూర మామూలుగా ఉడికే తీరుకు అది పెద్ద షరతేమీ కాదు. ప్రమాదమంతా నిప్పుల మీద పైపైన కాల్చిన ముక్కలతోనూ, పెద్ద తుండాల్ని తొందరగా వేయించడంతోనూ. మైనస్ 15 డిగ్రీల దగ్గర మూడు రోజులు గడ్డకట్టించినా తిత్తి బతకదు. నిఘా పరికరంగా చూస్తే మాత్రం తనిఖీ విలువ వేరు. చూసే పద్ధతి ఏడాది పొడవునా మారకుండా ఉంటే, తప్పిపోయే వాటా కూడా ఇంచుమించు స్థిరంగానే ఉంటుంది. ఉదాహరణకు ఒక వధశాల షెడ్డులో 200 పందుల్ని చూసి రెండింటిలో తిత్తులు పట్టారనుకోండి. జాంబియా లెక్కన అసలు సంఖ్య తొమ్మిది దగ్గర ఉండొచ్చు. మరుసటి ఏడు అదే షెడ్డులో ఆరు దొరికితే, ఊళ్లో ఏదో మారిందని అర్థం. ఆ మార్పును ఆసుపత్రి స్కానింగు చెప్పాలంటే ఏళ్లు పడుతుంది. పంది ఏడాది లోపే చెబుతుంది. ఎందుకంటే అది బతికేదే అంతకాలం.

రక్తపరీక్షలు మేలు కాదా? పంది రక్తంలో తిత్తి వదిలే పదార్థాల్ని పట్టే ఎలైసా పరీక్ష, అదే జాంబియా లెక్కలో, 87 శాతం పందుల్ని పట్టింది. కానీ మన ఊళ్లలో దానికి ఒక చిక్కుంది. టీనియా హైడాటిజెనా అనే ఇంకో బద్దెపురుగు కుక్కల పేగుల్లో ఉంటుంది. దాని తిత్తులు గొర్రెలు, మేకలు, పందుల కడుపు పొరలకు వేలాడతాయి. ఆ తిత్తి ఉన్న పంది రక్తం కూడా ఈ పరీక్షలో అవుననే చెబుతుంది. మాంసం కొట్టు వెనక పారేసిన పేగులూ కాలేజాలూ వీధికుక్కలు తినే ఊళ్లో ఆ పురుగు తప్పకుండా తిరుగుతూ ఉంటుంది. కాబట్టి పరీక్ష ఎంత కొత్తదైనా, చివరికి కోసి చూసిన కండరమే సాక్ష్యం. కుక్క పురుగు తిత్తి పెద్దది, పొర మీద వేలాడుతుంది. మనిషి పురుగు తిత్తి చిన్నది, కండరంలో ఉంటుంది. ఈ తేడా కంటికి తెలుస్తుంది, గొట్టంలోని రక్తానికి తెలియదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది వేరే సంగతి. కత్తి ఎంత పదునైనదైనా దాని ముందుకు పంది రావాలి కదా. చట్టం ప్రకారం మున్సిపాలిటీ పరిధిలో అనుమతి ఉన్న వధశాలలోనే కోయాలి, పశువైద్యుడు చూడాలి. ఆహార భద్రతా నిబంధనలూ అదే అంటాయి. చిన్న పట్టణాల్లో పంది మాంసం మాత్రం ఎక్కువగా ఆదివారం పొద్దున ఊరి చివర, తెలిసినవాళ్ల మధ్యే కోసి పంచుకోవడంగా, అమ్మకంగా జరిగిపోతుంది. మేకలకు ఉన్న షెడ్డులో పందిని రానివ్వరు. దానికి వేరే షెడ్డు కట్టరు. ఎరుకల కుటుంబాల మీద ఉన్న చిన్నచూపు పంది మీదకూ పాకింది. తనిఖీ లేకపోవడానికి అది కూడా ఒక కారణం. వీధిలో పందులు తిరుగుతున్నాయని ఫిర్యాదులు వచ్చినప్పుడు మున్సిపాలిటీలు వాటిని పట్టి ఊరవతలికి తరలిస్తాయి. రోగం కూడా వాటితోనే అవతలి ఊరికి పోతుంది. హిందూపురానికి అటు గౌరిబిదనూరు, ఇటు పావగడ. రాష్ట్రం మారితే రికార్డు తెగిపోతుంది.

ఇంకో పక్క శిక్ష భయం. తిత్తులు దొరికితే పంది మొత్తం పారేయాలి, పైసా పరిహారం రాదు అంటే, నాలుక మీద గింజలు తగిలిన పందిని ఎవరు మాత్రం షెడ్డుకు తోలతారు? పెరూ దేశంలో హువాంకాయో సంతల్లో 1990ల మొదట్లో పరిశోధకులు ఇదే గమనించారు. వ్యాపారులు నాలుక చూసి రోగమున్నవాటిని తక్కువ ధరకు కొని దొంగదారిన కోసేవారు, శుభ్రమైనవే ప్రభుత్వ వధశాలకు వెళ్లేవి. వధశాల పుస్తకం చూస్తే రోగమే లేనట్టు ఉండేది. పుస్తకంలో సున్నా కనబడితే సంతోషించే ముందు, ఎన్ని పందులు షెడ్డుకు వచ్చాయి, ఎన్ని బయట కోశారు అని అడగాలి.

అదే పెరూలో తర్వాత జరిగిన పని మన మూడు పట్టణాలకు బాగా పనికొస్తుంది. నాలుక మీద తిత్తులున్న పంది దొరికిన చోటికి వంద మీటర్ల లోపు ఇళ్లలోని మనుషుల్ని పరీక్షించినప్పుడు, దూరంగా ఉన్నవాళ్లతో పోలిస్తే వాళ్లలో బద్దెపురుగు ఎనిమిది రెట్లు ఎక్కువగా కనబడింది. పంది గాలించిన బయలు, మనిషి కూర్చున్న బయలు ఒకటే కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు. కానీ దీనితో పని చేసే దారి తేలికవుతుంది. ఊరంతటికీ మందు పంచడం కన్నా, పంది చూపించిన చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి మలపరీక్ష చేసి, నిక్లోసమైడ్ ఇవ్వడం చవక. పైగా ఆ మందు పేగులోనే ఉండిపోతుంది, రక్తంలోకి పెద్దగా ఎక్కదు. ప్రాజిక్వాంటెల్ అలా కాదు. మెదడులో తెలియని తిత్తులున్న మనిషికి అది ఇస్తే, తిత్తి చచ్చే క్రమంలో వాపు వచ్చి ఫిట్స్ రేగే ప్రమాదం ఉంది. ఈ ఎంపిక డాక్టరు చేయాల్సినదే, మందుల షాపులో అడిగి తెచ్చుకునేది కాదు.

ఉత్తర పెరూలోని టుంబెస్‌లో మనుషులకు మందు, పందులకు మందు, టీకా కలిపి నడిపిన కార్యక్రమం 107 గ్రామాల్లో 105 చోట్ల రోగ వ్యాప్తిని ఆపగలిగిందని 2016లో ప్రకటించారు. ఆ పందుల టీకా వెనక ఉన్న పరిశోధన ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో మార్షల్ లైటౌలర్స్‌ది. దాన్ని మార్కెట్టుకు తెచ్చింది మాత్రం మన హైదరాబాదు. ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ తయారు చేసే సిస్‌వ్యాక్స్, పందుల్లో ఈ రోగానికి ప్రపంచంలో అమ్మకానికి వచ్చిన మొదటి టీకా. హిందూపురం నుంచి హైదరాబాదు ఒక రాత్రి ప్రయాణం. నేపాల్‌లోని బాంకే జిల్లాలో అదే టీకాను, ఆక్స్‌ఫెండజోల్ అనే మందును కలిపి పల్లె పందులకు ఇస్తే, తర్వాత కోసి చూసిన పందుల్లో తిత్తులు కనబడలేదు. మన ఊరి దొడ్డికి అది ఇంకా చేరాల్సి ఉంది.

చేరాలంటే కొత్త శాఖ ఏదీ పెట్టనక్కర్లేదు. గ్రామ సచివాలయాల్లో 2019 నుంచి పశుసంవర్ధక సహాయకులున్నారు. పందులకు స్వైన్ ఫీవర్ టీకా వేసే పని ఎలాగూ ఉంది. అదే చేత్తో సిస్‌వ్యాక్స్ వేయొచ్చు, అదే పూట నాలుక చూడొచ్చు. ఆవులకూ గేదెలకూ చెవికి 12 అంకెల ట్యాగు వేస్తున్నాం. పందికీ వేస్తే, ధర్మవరంలో కోసిన పంది ఏ పేట నుంచి వచ్చిందో షెడ్డులో ఉన్న డాక్టరుకు తెలుస్తుంది. తిత్తి దొరికిన రోజున ఆయన రాసే మాట పశువైద్యశాలలోనే ఆగిపోకుండా, ఆ పేట ఏఎన్‌ఎంకూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ చేరాలి. ఈ ఒక్క కాగితం ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు దాటడమే అసలు కష్టమైన మెట్టు. పశువుల డాక్టరు, మనుషుల డాక్టరు ఒకే ఊళ్లో, ఒకే రోగాన్ని రెండు వైపుల నుంచి చూస్తూ, ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోవడం నాకు అర్థం కాదు. ఫిట్స్‌తో బెంగళూరు నిమ్‌హాన్స్ ఆసుపత్రికి రైలెక్కే మనిషి బయల్దేరింది కూడా ఆ పేట నుంచే కావచ్చు. బెంగళూరు చుట్టుపక్కల లక్ష మందికి పైగా జనాన్ని పరిశీలించి గౌరీదేవి బృందం 2004లో ప్రచురించిన సర్వేలో పట్టణంలో వెయ్యికి 5.7 మందికి మూర్ఛ ఉంటే, పల్లెల్లో 11.9 మందికి ఉంది. అందులో ఎంత వాటా ఈ తిత్తులదో పల్లె వారీగా తేల్చాలంటే, పంది లెక్కా మనిషి లెక్కా పక్కపక్కన పెట్టి చూడాలి.

పందికి చిన్న పరిహారమూ ఉండాలి. రోగమున్న పందిని షెడ్డుకు తెచ్చినవాడు నష్టపోకూడదు. అలాగే దొడ్డికి కంచె, మేతకు కొంత సాయం. ఈ రెండూ లేకుండా పందిని కట్టేయమని చెప్పడం, పెంచేవాడి కడుపు కొట్టడమే. మరుగుదొడ్డి సంగతి సరేసరి. 2014 తర్వాత మన పల్లెల్లో వేల మరుగుదొడ్లు లేచాయి, వాటిని నీళ్లతో నిండుగా వాడటం అన్నది ఎండాకాలంలో ఈ జిల్లాకు ఎప్పుడూ సమస్యే. ఇక్కడి ఎండ ఒక రకంగా మేలే చేస్తుంది. పురుగు గుడ్డు తడిలో నెలలు బతుకుతుంది, ఎండలో ఆరితే చస్తుంది. కానీ పంది ఎండలో తిరగదు, మురుగు కాలువ తడిలో, చెట్టు నీడలో తిరుగుతుంది. గుడ్డు బతికేదీ అక్కడే.

టీకా మొదలుపెడితే షెడ్డు పని కూడా మారుతుందని ముందే తెలిసి ఉండాలి. టీకా కొత్త తిత్తుల్ని ఆపుతుంది, ఉన్నవాటిని కరిగించదు. అందుకే మొదటిసారి దానితోపాటు కిలో బరువుకు 30 మిల్లీగ్రాముల చొప్పున ఆక్స్‌ఫెండజోల్ ఒక మోతాదు ఇస్తారు. కండరంలో తిత్తి చస్తుంది, మెదడులో కొన్ని మిగలొచ్చు. మందు ఒంట్లోంచి పోయేదాకా, అంటే రెండున్నర వారాల దాకా, ఆ పందిని కోయకూడదు. చచ్చిన తిత్తులు కండరంలో ఇంకా చాలా వారాలు కనబడుతూనే ఉంటాయి. కాబట్టి మందు వేసిన రెండో నెలలో కోసిన పందిలో చీముపట్టిన తిత్తులు దొరికితే, అది కొత్త రోగం కాదు, మందు పని చేసిందనడానికి గుర్తు. రెంటినీ ఒకే గడిలో రాస్తే లెక్క తలకిందులవుతుంది. పుస్తకంలో బతికున్న తిత్తికి ఒక గడి, చచ్చినదానికి ఒక గడి ఉండాలి. మందు వేసిన తేదీ రాసిన చీటీ పందితోపాటే షెడ్డుకు రావాలి. ఆ చీటీ రాసే సహాయకుడికి నాలుగు నెలలకోసారి దొడ్డికి వెళ్లే తీరిక, బండికి పెట్రోలు ఖర్చు ఇవ్వాల్సింది జిల్లా పశుసంవర్ధక శాఖ.